కోఠీలో మిగిలిన మేడ, మిగలని తోట

హైదరాబాదులో కోఠీ అనగానే మనకు బస్సులు, పుస్తకాల అంగళ్ళు, జనసమ్మర్దం స్ఫురిస్తాయి. ఆ పేరు ఒక భవనానిదన్న సంగతి పలువురు మరచినారు. కోఠీ అంటే పెద్ద మేడ. ఆ మేడయే బ్రిటిష్ రెసిడెన్సీ.

1798లో రెసిడెంటు అయిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ మూసీ ఉత్తరపు గట్టున, నగర ప్రాకారానికి వెలుపల, 1803 ప్రాంతంలో దీని నిర్మాణాన్ని ఆరంభించినాడు. రూపకల్పన శామ్యూల్ రస్సెల్‌ది; వ్యయం నిజాముది. ముందు ఎత్తైన స్తంభాల వసారా, మెట్లకు ఇరువైపుల సింహాలు, చుట్టూ విశాలమైన ఉద్యానం. ఆ ఆవరణలోనే తన భార్య ఖైరున్నీసా కొరకు రంగమహలును, మొగలాయి రీతి తోటను ఏర్పరచినాడు.

ఈ తోట ఒక్కనాడు అంతరించలేదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగినది. పిమ్మట చుట్టూ బలమైన ప్రాకారాలు, బురుజులు లేచినవి. రంగమహలును ఆ శతాబ్దంలోనే కూల్చివేసినారు. 1949లో మహిళా కళాశాల ఇచ్చటికి వచ్చినది; చదువుకొనే ఆడపిల్లలకు గదులు కట్టక తప్పలేదు. గోడ అవతల బజారు పెరిగినది. ఏ ఒక్కరినీ మనం తప్పుపట్టలేము.

శిథిలమైన మేడను బాగుచేసి 2023లో తిరిగి తెరచినారు. రాలిన గచ్చును మళ్ళీ పూయవచ్చు, విరిగిన దూలాన్ని మార్చవచ్చు. కట్టడాలు వెలసిన నేలను తిరిగి తోట చేయడం సులభం కాదు. ఆవరణలో మిగిలిన చెట్లను కాపాడుకొనడమైతే నేటికీ మన చేతిలోనే ఉన్నది.