ఇంటి మూలన సొంత సర్వర్: ఫ్రీడమ్‌బాక్స్ కథ

మాచర్లలో ఒక రైతు మిర్చి కల్లం ఫొటో తీసి నరసరావుపేటలో ఉన్న తమ్ముడికి పంపాడనుకుందాం. రెండు ఊళ్లూ పల్నాడు జిల్లాలోవే. అయినా ఆ ఫొటో ఈ ఫోన్ నుంచి ఆ ఫోన్‌కు తిన్నగా పోదు. ముందు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు చేరి, అక్కడి నుంచి తమ్ముడి చేతికి వస్తుంది. వాట్సాప్ లాంటి వాటిలో ఫొటోకు తాళం పడే ఉంటుంది. కానీ ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారో కంపెనీకి తెలుస్తుంది. ఈ మధ్యవర్తి లేకుండా మాట్లాడుకునే దారి వెతికినవాళ్లు తయారుచేసిన యంత్రమే ఫ్రీడమ్‌బాక్స్. దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో తెలుగువాళ్లున్నారు.

ఆలోచన పాతదే. అమెరికాలోని ర్యాండ్ సంస్థ ఇంజనీరు పాల్ బారన్ 1964లో ప్రచురించిన పరిశోధనలో, కేంద్రమంటూ లేని వలను ప్రతిపాదించాడు. ప్రతి కూడలికీ మూడు నాలుగు దారులుంటే, చాలా కూడళ్లు దెబ్బతిన్నా మిగిలినవి మాట్లాడుకోగలవని లెక్కగట్టి చూపాడు. తర్వాత వచ్చిన ఇంటర్నెట్ తీగలు అలాగే అల్లుకున్నాయి. వాటి మీద నడిచే సేవలు మాత్రం కొద్ది కంపెనీల గుప్పిట్లోకి వెళ్లాయి.

2010 ఫిబ్రవరిలో కొలంబియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ న్యూయార్క్‌లో చేసిన ప్రసంగంలో దీనికి విరుగుడు చెప్పాడు: ప్రతి ఇంట్లో చవకైన చిన్న సర్వర్ ఉండాలి, ఇంటివాళ్ల సమాచారం ఇంట్లోనే ఉండాలి. 2011లో ఫ్రీడమ్‌బాక్స్ ఫౌండేషన్ ఏర్పడింది. జనం చందాలుగా 86 వేల డాలర్లకు పైగా ఇచ్చారు. డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పునాదిగా పని మొదలైంది. సునీల్ మోహన్ అడపా, జోసెఫ్ నూతలపాటి దాని ముఖ్య డెవలపర్లయ్యారు. 2019లో బల్గేరియా కంపెనీ ఒలిమెక్స్ దీన్ని పెట్టెగా అమ్మకానికి తెచ్చింది. అరచేతిలో పట్టే బోర్డు, 1 జీబీ ర్యామ్, ఒక మెమరీ కార్డు, కావాలంటే బ్యాటరీ పెట్టుకునే వీలు. అంతే.

ఇంత చిన్న పెట్టె పెద్ద సర్వర్ పని ఎలా చేస్తుంది? కేంద్రం లేని ఇలాంటి వలలకు నాలుగు ఇటుకలు కావాలి.

మొదటిది చిరునామా. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 429 కోట్లే. అవి చాలక మొబైల్ కంపెనీలు ఎంతోమందికి కలిపి ఒకే చిరునామా ఇస్తున్నాయి. అలాంటప్పుడు మనం బయటికి వెళ్లగలం గానీ, బయటివాళ్లు మన తలుపు తట్టలేరు. పొదుపు అక్కర్లేని కొత్త చిరునామాలు (ఐపీవీ6), సందేశాలను ఇతర కంప్యూటర్ల మీదుగా దాటించే టోర్ వల లాంటి పక్కదారులు ఈ చిక్కును కొంత విప్పుతాయి.

రెండోది తాళం. 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రకటించిన పద్ధతి నుంచి ఎదిగిన విద్య ఇది. మీ పబ్లిక్ కీ ఊరందరికీ ఇవ్వొచ్చు. దాంతో ఎవరైనా సందేశానికి తాళం వేయగలరు. తీయగలిగేది మీ దగ్గరే ఉండే ప్రైవేట్ కీ ఒక్కటే.

మూడోది ఆచూకీ. అందరి జాబితా ఎవరి దగ్గరా లేనప్పుడు మనిషిని పట్టుకోవడమెలా? 2002లో వచ్చిన కడెమ్లియా పద్ధతిలో ప్రతి కంప్యూటర్‌కూ కొందరే తెలుసు. అడిగినవాళ్లను అది గమ్యానికి మరింత దగ్గరివాళ్ల వైపు పంపుతుంది. పది లక్షల కంప్యూటర్లున్నా సుమారు ఇరవై అంగల్లో ఆచూకీ దొరుకుతుంది. టొరెంట్లలో తోటివాళ్లను వెతకడానికి ఈ పద్ధతినీ వాడతారు. ఫ్రీడమ్‌బాక్స్‌లోని చాట్ సర్వర్లు మాత్రం ఈమెయిల్ లాగా డొమైన్ పేరుతో ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి.

నాలుగోది నిరీక్షణ. ఫొటో బయల్దేరే వేళకు తమ్ముడి ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంటే? ఎవరో ఒకరు దాన్ని దాచి ఉంచాలి. ఫోన్లు ఆగుతాయి, సిగ్నల్ పోతుంది. అందుకే రాత్రింబవళ్లు మేలుకుని ఉండే పెట్టె ఇంట్లో కావాల్సి వచ్చింది. నా దృష్టిలో ఈ యంత్రం పుట్టుకకు అసలు కారణం ఇదే.

వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు ఫ్రీడమ్‌బాక్స్‌తో ఊరికి వైఫై అందించారు. న్యూయార్క్‌లో పుట్టిన ఆలోచన తెలంగాణ పల్లెలో పనిచేసింది. 2022 మేలో కోనసీమలో అల్లర్ల తర్వాత ఇంటర్నెట్ నిలిపేసినప్పటి లాంటి పరిస్థితిలోనూ, ఊళ్లో ఇలాంటి పెట్టె ఉంటే దాని వైఫై అందేంత మేర సందేశాలు నడుస్తాయి. పక్క ఊరితో మాట్లాడాలంటే మాత్రం మధ్యలో సొంత లంకె ఉండాలి.

లోపాలూ ఉన్నాయి. కరెంటు పోతే బ్యాటరీ చూసుకోవాలి. మెమరీ కార్డు పాడైతే బ్యాకప్ ఉండాలి. కంపెనీ చేసే చాకిరీ ఇంట్లో ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. స్వాతంత్ర్యానికి ఆ మాత్రం శ్రమ తప్పదు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, మూలుగుతున్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఒక హాస్టల్‌కో గ్రంథాలయానికో సొంత చాట్ సర్వర్ నిలబెట్టండి. పాఠ్యపుస్తకంలోని నెట్‌వర్క్ పాఠం అప్పుడే పూర్తిగా వంటబడుతుంది.