కాలువగట్టు మీద సైకిలు బాట

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు దారి యేది యని అడిగినచో ఎవరైనను తారురోడ్డునే చూపుదురు. అది 167వ జాతీయ రహదారి. ఆలూరు మీదుగా ఆదోనికి వచ్చి, ఎమ్మిగనూరు, మంత్రాలయముల మీదుగా రాయచూరు వైపునకు సాగును. ప్రత్తి అమ్మకపు దినములలో ఈ రోడ్డుపై లారీలు బారులు తీరును. రోడ్డు అంచున సైకిలు త్రొక్కుచు బడికి పోవు పిల్లవాడు వెనుక హారను మ్రోగినప్పుడెల్ల ప్రక్కకు దిగి నిలువవలసినదే. వానికి వేరొక త్రోవ లేదా? ఉన్నది. అది క్రొత్తగా వేయవలసినది కాదు, ఉన్నదానిని నిలుపుకొనవలసినది.

పడమటి కర్నూలు ప్రాంతము దక్కను పీఠభూమిలోని భాగము. ఆదోని సముద్రమట్టమునకు నాలుగు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. నల్లరేగడి మైదానముల నడుమ నల్లరాతి గుట్టలు, వాని పాదములయందు ఎర్రగరప నేలలు, అచ్చటచ్చట వంకలు - ఇది ఈ సీమ రూపము. ఇట్టిచోట నేరుగా పోవు బాట ఎక్కుచు దిగుచునే యుండును. సైకిలు వానికి ప్రతి మిట్టయు ఒక పరీక్షయే.

కాని ఒక బాట మాత్రము మిట్టలెక్కదు. అది తుంగభద్ర దిగువకాలువ గట్టు. హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట కుడివైపున బయలుదేరిన ఈ కాలువ మూడువందల కిలోమీటర్లకు మించిన పొడవు కలది. బళ్లారి సీమ దాటి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు నీరిచ్చుచు కర్నూలు వైపునకు సాగును. ఆనకట్ట నీరు కాలువలకు వదలిన 1953వ సంవత్సరముననే ఆంధ్రరాష్ట్రము అవతరించినది. అంతవరకు బళ్లారి జిల్లాలో నున్న ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడే కర్నూలు జిల్లాలో చేరినవి.

నీరు మిట్టనెక్కదు. అందుచేత కాలువ త్రవ్విన ఇంజనీర్లు ఒకే మట్టమును పట్టుకొని, గుట్ట అడ్డము వచ్చినచోట దానిని చుట్టి, పల్లము వచ్చినచోట గట్టు పోసి, వంక వచ్చినచోట కట్టడము కట్టి కాలువను నడిపించిరి. ఇట్టి పెద్దకాలువలకు వాలు సాధారణముగా కిలోమీటరునకు జానెడునకు అటునిటుగా ఉండును. ఆ వాలు సైకిలు త్రొక్కువాని కాలికి తెలియనే తెలియదు. దూరము కొంత పెరుగును, ఆయాసము తగ్గును. నీటికి సుగమమైన త్రోవయే సైకిలునకును సుగమము.

ఈ గట్టుమీది బాట కాలువను కనిపెట్టి యుండు లస్కరుల కొరకు, తనిఖీకి వచ్చు ఇంజనీర్ల కొరకు ఏర్పడినది. దానిపై పలుచోట్ల పరచినది గరుసు. గరుసనగానే అది తారులేని నాసిరకపు రోడ్డని కొందరు తలంతురు. అది సరికాదు. మంచి గరుసులో మూడు పాళ్లు కలిసియుండును: రాతి పలుకులు, ఇసుక, కొద్దిగా జిగటమన్ను. పలుకులు బరువు మోయును. ఇసుక సందులు పూడ్చును. జిగటమన్ను అన్నింటిని పట్టియుంచును. తగినంత తడి చూపి రోలరుతో అణచినచో అది గట్టి పలకవలె ఏర్పడును. జిగట మించినచో వానకు బురదయగును. చాలనిచో ఎండకు పలుకులు విడిపోయి చక్రము జారును.

నల్లరేగడి సంగతి వేరు. ఆ మట్టి తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు ముడుచుకొని నెఱ్ఱెలు వారును. వానకాలములో రేగడి బాటపై నడచిన సైకిలునకు నాలుగు బారలు పోకమునుపే చక్రమునకు, మడ్గార్డునకు నడుమ మట్టి కూరుకొని కదలిక నిలిచిపోవుట ఈ ప్రాంతము వారెరిగినదే. అందుచేత ఇట్టి నేలపై ఎర్రగరుసు మందముగా పరచి, నడుమ కొంచెము ఎత్తుగాను ప్రక్కలకు వాలుగాను తీర్చవలెను. గరుసుబాటకు ప్రధానశత్రువు నిలిచిన నీరు. వానచుక్క పడిన వెంటనే ప్రక్కకు జారిపోయెనా, ఆ బాట పదికాలములు నిలుచును.

రెండవ శత్రువు బరువు. 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రములో ఇంజనీర్లు ప్రత్యేకముగా రోడ్లు వేసి, వానిపై లారీలను పగలనక రాత్రియనక త్రిప్పి పరీక్షించిరి. ఇరుసుపై బరువు రెట్టింపైనచో రోడ్డునకు కలుగు చెరుపు రెండింతలు కాదు, సుమారు పదునారింతలగునని అందు తేలినది. గరుసుబాటకు ఈ లెక్క అక్షరాల సరిపోకున్నను నీతి ఒక్కటే. మనిషితో కూడిన సైకిలు తొంబది కిలోలు తూగిన గొప్ప. వేయి సైకిళ్లు పోయినను చెడని బాటను వానలో తడిసియున్న దినమున మట్టి నింపుకొని వచ్చిన ఒక్క ట్రాక్టరు గాడులు చేసి విడుచును. ఆ గాడులలో నీరు నిలుచును. నిలిచిన నీరు గట్టులోనికి దిగును.

ఇచ్చట సైకిలు వాని మేలు, రైతు మేలు ఒకటగుచున్నవి. తుంగభద్ర జలాశయము మొదట 133 టీఎంసీల నీటికి ఏర్పడినది. పూడిక చేరినందున దాని నిలువ నేడు సుమారు 105 టీఎంసీలకు తగ్గినది. దిగువకాలువ చివరి భూములకు నీరు చాలుట లేదను మొర ఏటేట వినవచ్చుచునే యున్నది. ఇట్టి స్థితిలో గట్టు క్రుంగి, ఊట పట్టి, గండి పడినచో ముందుగా ఎండునది చివరి మడియే. బరువు బండ్లను గట్టుమీదికి రానీయకుండుట సైకిలు వానికి విలాసము కావచ్చును గాని చివరి రైతునకు జీవనము.

ఇతర దేశముల అనుభవము కొంత వినదగినది. అమెరికాలో వాషింగ్టను నగరము నుండి కంబర్లాండు వరకు 297 కిలోమీటర్ల పాతకాలువ ఒకటి ఉన్నది. పడవలు పోవుట మానిన తరువాత దాని గట్టున మోటారురోడ్డు వేయవలెనని ఆలోచన పుట్టినది. దానికి అడ్డుచెప్పి, సుప్రీముకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లసు 1954లో పత్రికారచయితలను వెంటబెట్టుకొని ఆ గట్టుపై నడచి చూపించెను. 1971లో ఆ కాలువ జాతీయోద్యానమైనది. నేడు ఆ గట్టుబాటపై నడచువారు, సైకిలు త్రొక్కువారు తప్ప మోటారు లేదు. మనవైపున హైదరాబాదు వెలుపలి వలయరహదారి ప్రక్కన 2023లో సైకిళ్లకే ప్రత్యేకముగా సుమారు 23 కిలోమీటర్ల బాట ఏర్పడినది. దానికి కోట్ల ధనము కావలసివచ్చినది. మన గట్టుబాటకు కావలసినది శ్రద్ధ.

పంటకోతల కాలమున రైతుబండ్లకు గట్టు తప్పనిచోట్లు కలవు. వానిని పూర్తిగా అడ్డుట న్యాయము కాదు. తడి ఆరని దినములలో మాత్రము బరువు బండ్లను ఆపి, తక్కిన కాలమున దిగుటకు ఎక్కుటకు నిర్ణీతమైన చోట్లు ఏర్పరచినచో చాలును. ఊరి మొగలో సైకిలు దూరునంత సందు విడిచి, నీటిపారుదల వారి బండికి తాళముతో తెరచుకొను అడ్డుకమ్మి నిలుపవచ్చును. ఏటికొకమారు, తొలకరికి ముందు, ప్రక్కవాలును సవరించి, కంపచెట్లను కొట్టివేయవలెను.

గట్టుపై పోదలచిన వారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. వెడల్పైన టైరు మేలు. గాలి రాయివలె బిగించక కొంచెము తగ్గించినచో చక్రము గరుసును పట్టుకొనును. పల్లేరుకాయ, తుమ్మముల్లు ట్యూబునకు యములు. పంక్చరు సామాను, గాలిపంపు వెంట నుండవలెను. వేసవిలో ఉదయము తొమ్మిది గంటలలోపల ప్రయాణము ముగించుట మంచిది. త్రాగునీరు తప్పక కొనిపోవలెను. అన్నింటికంటె ముఖ్యము, కాలువ లోతైనది, దాని ఒడ్డు జారుడు. పిల్లలను ఒంటరిగా పంపరాదు, చీకటిలో పోరాదు, నీటివైపు అంచున నడపరాదు. బడిపిల్లల కొరకు ఈ బాటను తెరువదలచిన గ్రామము నీటివైపున కంచె వేసిన పిమ్మటనే తెరువవలెను.

కాలువ మనకు నీరు తెచ్చినది. దాని వెంట చల్లని, సమమైన బాటను కూడ తెచ్చినది. మొదటిదానిని పంచుకొనుటలో తగవులు కలవు గాని రెండవదానిని ఎందరు పంచుకొన్నను తరుగు లేదు. తరుగు వచ్చునది దానిని ఎవరును పట్టించుకొననప్పుడే.