చిత్రమూలము

పొలముల గట్లమీదను, చిట్టడవుల అంచులను, ఎవరి పోషణమును అపేక్షింపక నడుమెత్తు పెరిగి, తెల్లని పూలగుత్తులతో నిలిచెడి చిత్రమూలపు మొక్కను, దాని పుష్పకోశములమీది జిగురు నూగు వస్త్రములకు అంటుకొన్నప్పుడు తప్ప, బాటసారులు గమనించుట అరుదు. కాని వైద్యలోకమున దానికి గల ప్రతిష్ఠ యంతయు మట్టిలో దాగిన వేరుదే.

జఠరాగ్నిని ప్రజ్వలింపజేయుటకును, ఆమమును పచింపజేయుటకును, మూలశంకను శమింపజేయుటకును తగిన ద్రవ్యములలో చరకసంహిత ఈ వేరునకే అగ్రస్థాన మొసగినది. మూలశంకకు అందు చెప్పబడిన విధానము మిక్కిలి రమ్యమైనది: వేరుపట్టను నూఱి క్రొత్తకుండ లోపల పూసి, అందు తోడువేసిన పెరుగునో, దానినుండి తీసిన మజ్జిగనో రోగిచేత త్రావింపవలెను. అంతటి తీక్ష్ణద్రవ్యమును నేరుగా మ్రింగింపక, పెరుగు గ్రహించినంత సారమునే శరీరమునకు అందజేసిన ఆ వైద్యుల వివేకము నా కెప్పుడును పూజ్యముగనే తోచును. పిప్పళ్ళు, మోడి, చవ్యము, శొంఠి వీనితో చేరి యిదియే పంచకోల మనబడి, మందాగ్నికిని కడుపునొప్పికిని నేటికిని వాడుకలో నున్నది.

ఈ తీక్ష్ణతకు ముఖ్యకారణము వేరులోని ప్లంబాజిన్ అను పసుపువన్నె పదార్థము. పచ్చివేరును నూఱి చర్మముపై పట్టించి యుంచినచో మంట పుట్టి, బొబ్బలెక్కి, పుండు పడును. బొల్లిమచ్చలు పోవునను ఆశతో ఈ ముద్దను పూసికొని, మచ్చకంటె పెద్ద గాయమును తెచ్చుకొనువారు కలరు. అందువలననే వైద్యులు వేరు ముక్కలను సున్నపుతేటలో నానవేసి, క్షారస్పర్శచే ఎఱ్ఱబారిన ఆ నీటిని పారబోసి, కడిగి, ఎండబెట్టిన పిమ్మటనే చూర్ణము చేయుదురు. ఈ శోధనము లేని చిత్రమూలమును ఔషధ మనుటకు నేను సమ్మతింపను. చూర్ణమునకు సైతము భారత ఆయుర్వేద ఫార్మకోపియా విధించిన మోతాదు 1 నుండి 2 గ్రాములు మాత్రమే.

గర్భిణులు దీనిని తాకనే తాకరాదు. గర్భస్రావము చేయగల శక్తి దీనికి గలదని యెఱిగినవారు రహస్యముగా ఈ వేరును ప్రయోగించుటయు, అందువలన తల్లి ప్రాణములకే ముప్పు వాటిల్లుటయు విషవైద్యగ్రంథములందు కానవచ్చును. కడుపులో పుండ్లు, ఆమ్లపిత్తము, రక్తస్రావము గలవారికిని, పసిపిల్లలకును ఇది నిషిద్ధము. ఎఱ్ఱపూల చిత్రమూలము మరింత ఉగ్రమైనది. నగరోద్యానములందు అలంకారమునకై పెంచు నీలిపూల జాతి దక్షిణాఫ్రికానుండి వచ్చినది. దానివేరును దీనికి బదులుగా త్రవ్వుకొనుట తగదు.

వేరు రసము చర్మమునకు తగిలినచో వెంటనే సబ్బుతోను, ధారాళమైన చన్నీటితోను కడుగవలెను. మోతాదు మించి మ్రింగినవారికి నోటను, కడుపునను మంటయు, వాంతులును, విరేచనములును కలుగును. అట్టివారిని ఇంటివైద్యముతో జాగుచేయక, మిగిలిన వేరుముక్కను చేతబట్టుకొని, ఆసుపత్రికి చేర్పవలెను.