వ్యాయామానికీ డోసు ఉంటుంది

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలు దగ్గరపడితే మా వార్డుకు కొన్ని కేసులు ఒకే తీరున వస్తాయి. ఆ మధ్య వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడికి తొడలు కదపలేనంత నొప్పి, మూత్రం కూల్‌డ్రింక్ రంగు. వారం రోజులు జ్వరంతో పడుకుని గ్రౌండ్‌కు వెళ్లిన మొదటి రోజే, ‘వెనకబడ్డావు’ అంటూ శిక్షకుడు 300 గుంజీలు తీయించాడట. కండరాలు దెబ్బతిని, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి కిడ్నీల మీద పడింది. దీన్నే రాబ్డోమయోలిసిస్ అంటాం. అతను సెలైన్లతో కోలుకున్నాడు. కొందరికి డయాలసిస్ దాకా వెళ్తుంది.

డిశ్చార్జి రోజు అతనడిగాడు: ‘సార్, ఎవరితో ఎంత చేయించాలో నేర్పే చదువు ఉందా?’ ఉంది. దాని పేరు స్ట్రెంత్ అండ్ కండిషనింగ్.

ఆస్పత్రిలోనూ మూలాలు

బరువులు క్రమంగా పెంచే పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో ఒక వైద్యుడున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కాళ్లకు బలం తెచ్చేందుకు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్ దీన్ని వాడి, 1945లో ఫలితాలు ప్రచురించారు. 1969లో నెబ్రాస్కా యూనివర్సిటీ బాయిడ్ ఎప్లీని స్ట్రెంత్ కోచ్‌గా తీసుకుంది. ఆయన చొరవతోనే 1978లో ఆ కోచ్‌ల జాతీయ సంఘం ఏర్పడింది.

ఏం నేర్పుతారు?

అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్, పోషకాహారం, సైకాలజీ, కొంత స్టాటిస్టిక్స్. వీటన్నింటి సారం ఒక్కటే: శ్రమ కండరాన్ని అలసిపోయేలా చేస్తుంది, బలం విశ్రాంతిలో వస్తుంది. మందుకు లాగే దీనికీ మోతాదు, వ్యవధి, దుష్ఫలితాలు ఉంటాయి. కబడ్డీ రైడర్‌కు, ఫాస్ట్ బౌలర్‌కు ఒకే ప్లాన్ పనికిరాదు. జ్వరం నుంచి లేచినవారితో మళ్లీ కొద్ది కొద్దిగానే మొదలుపెట్టించాలి.

చేరే ముందు

ఇంఫాల్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం, గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థ, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మన దేశంలో ఈ రంగానికి ముఖ్య కేంద్రాలు. కోర్సు పేరులో ‘స్ట్రెంత్’ అన్న మాట లేకపోవచ్చు. స్పోర్ట్స్ కోచింగ్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ కూడా ఇటువైపు దారులే. ఇంటర్‌లో ఏ గ్రూపు ఉండాలో సంస్థను బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి. ల్యాబ్ ఉందా, జట్లతో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తారా అని తప్పక అడగండి. పేరున్న అంతర్జాతీయ సర్టిఫికెట్ సీఎస్‌సీఎస్‌కు డిగ్రీతో పాటు సీపీఆర్ శిక్షణ కూడా తప్పనిసరి. ప్రాణం కాపాడటం ఈ ఉద్యోగంలో భాగమని దాని అర్థం.

మీ కండలు పెంచుకోవడానికైతే ఈ చదువు అక్కర్లేదు. ఎదుటివాడి శరీరాన్ని అర్థం చేసుకునే ఓపిక ఉంటేనే రండి.

ఇవి గుర్తుంచుకోండి

కఠిన వ్యాయామం తర్వాత మూత్రం ముదురు రంగులో వచ్చినా, కండరాలు వాచి తీవ్రంగా నొప్పి పెట్టినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నొప్పి మాత్రలు మింగి ఊరుకోవద్దు, వాటిలో కొన్ని కిడ్నీలకు మరింత చేటు. ఎండలో పరుగెత్తుతూ ఎవరైనా తికమకగా మాట్లాడినా, కుప్పకూలినా 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా నీడకు చేర్చి చల్లని నీళ్లతో ఒళ్లంతా తడుపుతూ ఉండండి.

ఆ కుర్రాడికి కాలేజీల పేర్లు రాసిచ్చాను. దానితో పాటే మరో చీటీ కూడా: రెండు వారాలు పూర్తి విశ్రాంతి, రక్తపరీక్ష చూశాకే గ్రౌండ్‌కు. అదే అతని మొదటి పాఠం.