రసం తాగితే చాలదు... ముక్కా తినాలి!

జ్వరపడి లేచినవారికి నాటుకోడి సూపు తాగించడం పల్లెల్లో ఆనవాయితీ. సారమంతా రసంలోకే దిగుతుందన్న నమ్మకంతో ముక్కలను మిగిలినవారికి వడ్డించడమూ కద్దు. వాస్తవానికి చిక్కిన కండ తిరిగి పట్టేందుకు కావలసిన మాంసకృత్తుల్లో అధిక భాగం ముక్కలోనే నిలిచి ఉంటుంది. రసం ద్వారా ప్రధానంగా అందేవి నీరు, లవణాలు మాత్రమే. అందుచేత రెండూ కలిసి ఉండే సూపును చేసి ఇవ్వడం మేలు.

నలుగురికి అరకిలో కోడిమాంసం చాలు. లీటరున్నర నీటిలో అల్లం, వెల్లుల్లి, మిరియాలు, పసుపు, ఉప్పు చేర్చి సన్నని సెగపై ఉడికించాలి. ఫారం కోడికి 40 నిమిషాలు పడితే, నాటుకోడికి గంట దాటుతుంది. మెత్తబడిన ముక్కల నుంచి ఎముకలు తీసి, మాంసాన్ని పీచులుగా విడదీసి తిరిగి రసంలో వేయాలి. క్యారట్, బీన్స్ ముక్కలు సగం ఉడికాక గుప్పెడు మాకరోనీ చేర్చి, మరో పది నిమిషాలు ఉంచాలి. మాకరోనీని ముందే వేస్తే రసాన్ని పీల్చుకుని ముద్దవుతుంది. అది దొరకనిచోట సేమ్యా వేసి, నాలుగు నిమిషాల్లో దించవచ్చు.

పచ్చిమాంసాన్ని కుళాయి ధార కింద కడిగితే తుంపరలతో సూక్ష్మజీవులు పక్కనున్న పాత్రలకు అంటుకునే ప్రమాదం ఉంది. బాగా ఉడికించడమే వాటికి విరుగుడు. మిగిలిన సూపును రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో ఉంచి, మళ్లీ మరిగించాకే రోగికి ఇవ్వాలి.