బుట్ట ఎత్తు ఎవరికోసమూ తగ్గదు

మన నెల్లూరు జిల్లా మైపాడులోనైనా తుమ్మలపెంటలోనైనా వీల్‌చైర్ అనగానే ఆస్పత్రి వరండానే గుర్తొస్తుంది. ఆ కుర్చీలో కూర్చుని దేశం తరఫున బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లలున్నారంటే చాలామంది నమ్మరు. నమ్మేవాళ్లకీ కొన్ని అపోహలున్నాయి.

అపోహ: కూర్చుని ఆడతారు కాబట్టి బుట్టను కిందికి దించుతారు.

వాస్తవం: దించరు. నిలబడి ఆడేవారికి ఎంతో వీరికీ అంతే, 3.05 మీటర్లు. కోర్టూ అదే, 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. షాట్ కోసం సీటు మీంచి పైకి లేస్తే టెక్నికల్ ఫౌల్. బంతిని ఒడిలో పెట్టుకుని చక్రాలను రెండుసార్లు తోయొచ్చు. మూడోసారి తోయాలంటే ముందు బంతిని నేలకు కొట్టాలి.

అపోహ: వైకల్యం తక్కువగా ఉన్నవాళ్లకే జట్టులో చోటు.

వాస్తవం: ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఇక్కడే ఉంది. నడుము, మొండెం ఎంతవరకు అదుపులో ఉంటాయో చూసి ఒక్కొక్కరికీ 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు. వైకల్యం తీవ్రంగా ఉన్నవారికి 1. అంతర్జాతీయ పోటీల్లో కోర్టులో ఉన్న ఐదుగురి మొత్తం 14 దాటకూడదు. ఐదుగురూ 4.5 వాళ్లయితే 22.5 అవుతుంది, ఆ జట్టు బరిలోకే దిగలేదు. అందుకే ఒక పాయింటు అమ్మాయి ప్రతి కోచ్‌కీ కావాలి. ఆమె తన కుర్చీని ప్రత్యర్థికి అడ్డం పెట్టి దారి చేస్తేనే షూటర్ బుట్ట దగ్గరికి చేరుతుంది. ప్రభుత్వమిచ్చే సదరం సర్టిఫికెట్లోని వైకల్య శాతానికీ ఈ పాయింట్లకీ సంబంధం లేదు. కాలు కోల్పోయి, బయట కృత్రిమ కాలితో నడిచేవారు కూడా ఆడొచ్చు. అది మోసం కాదు.

అపోహ: మహిళల పోటీ ఈమధ్యే మొదలైంది.

వాస్తవం: 1968 టెల్ అవీవ్ పారాలింపిక్స్ నుంచే ఉంది. 2024 పారిస్‌లో ఎనిమిది జట్లు ఆడాయి, నెదర్లాండ్స్ స్వర్ణం గెలిచింది. మన మహిళల జట్టు ఇంకా పారాలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. కానీ జట్టంటూ ఉంది. చెన్నై కేంద్రంగా భారత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యను నిలబెట్టింది మన తెలుగు మహిళే. ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో పుట్టిన ప్రతిపాటి మాధవీలతకు పసితనంలోనే పోలియో సోకింది. తర్వాత ఈతలో జాతీయ పతకాలు గెలిచారు. ఆ చెన్నై నెల్లూరుకు రైల్లో మూడు గంటల దూరం.

అపోహ: ఇంట్లో ఉన్న కుర్చీతో ఆడేయొచ్చు.

వాస్తవం: బంతి అలవాటుకు సరే, పోటీకి పనికిరాదు. ఆట కుర్చీ చక్రాలు చటుక్కున తిరగడానికి వీలుగా కిందివైపు వెడల్పుగా వాలి ఉంటాయి. వెనక్కి పడకుండా చిన్న చక్రం ఉంటుంది, నడుముకు పట్టీ ఉంటుంది. కుర్చీని మనిషి కొలతకు చేయించాలి, అది ఖరీదైన పని. మన పిల్లలకు అసలు అడ్డు కుర్చీ దొరక్కపోవడం, మెట్లెక్కితే తప్ప చేరలేని కోర్టులు.

మీ ఇంట్లో వైకల్యం ఉన్న అమ్మాయి ఉంటే పింఛను దగ్గరే ఆగిపోకండి. వికలాంగుల హక్కుల చట్టం (2016) క్రీడల్లో అవకాశం కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. జిల్లా క్రీడాధికారిని కలిసి కుర్చీ అడగండి, కోర్టుకు ర్యాంపు అడగండి.