జీతం ఆగినా నిలిచే సంసారం
పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో కనిపించే సంపద, కనిపించని భద్రత

ధనవంతులుగా కనిపించడం, ఆర్థికంగా భద్రంగా ఉండడం ఒకటేనని లోకం సాధారణంగా అనుకుంటుంది గాని, ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఎన్నో కుటుంబాల భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఇంటి ముందున్న కారు, చేతిలోని ఖరీదైన ఫోను, పెళ్లి పందిరి వైభవం అందరికీ కనబడతాయి. భవిష్య నిధి ఖాతాలో పెరిగే నిల్వ, తీరిపోయిన అప్పు, తాకట్టు పడని పట్టా, ఏటా మరవకుండా కట్టే బీమా మాత్రం ఆ ఇంటివారికి తప్ప ఇతరులకు తెలియవు. కంటికి కనబడేవాటిలో ఎక్కువ భాగం ఇప్పటికే ఖర్చయిపోయిన డబ్బు, కుటుంబాన్ని ఆపదలో కాపాడేది ఖర్చు కాకుండా మిగిలిన డబ్బు. ఈ తేడాను సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో చాలా స్పష్టంగా గమనించవచ్చు.

స్థానికులు ముంబయి హైవే అని పిలిచే 65వ నంబరు జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి వరసగా వస్తాయి. 1960ల మధ్యలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది, 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది, 1970లలోనే పటాన్‌చెరులో పారిశ్రామిక వాడ రూపుదిద్దుకుంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి ఎన్నికవడంతో ఈ ప్రాంతం దేశం దృష్టిలో పడింది. ఆ తరువాత బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం పరిసరాల్లో మందుల తయారీ, రసాయన, ఇంజనీరింగ్ పరిశ్రమలు విస్తరించాయి. 2016 అక్టోబర్ 11న మెదక్ నుంచి విడివడి ఏర్పడిన సంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో రాష్ట్రంలోని ముందు వరుస జిల్లాల్లో ఒకటిగా నిలుస్తోంది.

అయితే తలసరి ఆదాయం అనేది జిల్లాలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువ ఆధారంగా లెక్కించిన ఆదాయాన్ని జనాభాతో భాగించగా వచ్చే సగటు మాత్రమే. కర్మాగారంలో తయారైన మందు విలువ ఈ జిల్లా లెక్కలోనే చేరుతుంది గాని, దాని లాభం యజమానులూ వాటాదారులూ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. కార్మికుడి ఇంటికి చేరేది జీతం ఒక్కటే. కాబట్టి జిల్లా ఆదాయం పెద్దదైనంత మాత్రాన జిల్లాలోని ప్రతి ఇల్లూ భద్రంగా ఉన్నట్టు కాదు. జిల్లా విషయంలో చెల్లే ఈ మాట ఇంటి విషయంలోనూ చెల్లుతుంది, ఎందుకంటే రాబడి ఎంతో తెలిసినంత మాత్రాన నిలకడ ఎంతో తెలియదు.

రాబడి వేరు, నికర ఆస్తి వేరు

ఒక కుటుంబానికి ఉన్న ఆస్తులన్నిటి నేటి విలువలోంచి తీర్చవలసిన అప్పులన్నిటినీ తీసివేయగా మిగిలేదాన్ని నికర ఆస్తి అంటారు. లెక్క తేలికగా అర్థం కావడానికి రెండు కుటుంబాలను ఊహించుకోవచ్చు. మొదటి కుటుంబానికి నెలకు 60,000 రూపాయలు వస్తాయి. 36 లక్షల ఫ్లాటు, 5 లక్షలు పలికే కారు ఉన్నాయి గాని, రెండింటి మీద కలిపి 38 లక్షల అప్పు మిగిలి ఉంది. నెలనెలా కట్టే వాయిదాలు, అంటే ఈఎంఐలు, 40,000 కాగా ఇంటి ఖర్చు 18,000, బ్యాంకులో ఉన్నది 15,000. రెండో కుటుంబానికి వచ్చేది నెలకు 28,000 మాత్రమే. 8 లక్షల విలువైన ప్లాటు, భవిష్య నిధిలో 5 లక్షలు, బ్యాంకులో 1,20,000 ఉన్నాయి, ఇంటి ఖర్చు 20,000, అప్పు లేదు. మొదటి కుటుంబం నికర ఆస్తి 3 లక్షల చిల్లర కాగా, రెండోదానిది 14 లక్షల పైచిలుకు. జీతం ఆగిపోతే మొదటి ఇంటి చేతిలోని డబ్బు ఎనిమిది రోజులకు మించి రాదు, రెండో ఇల్లు ఆరు నెలలు ఎవరినీ చేయి చాచి అడగకుండా గడుపుకోగలదు.

ఈ తేడాకు ముఖ్య కారణం అప్పు మీద కొన్న వస్తువు స్వభావంలో ఉంది. 8 లక్షల రూపాయలను 9.5 శాతం వడ్డీకి ఏడేళ్ల గడువుతో తీసుకుని కారు కొంటే, నెలకు దాదాపు 13,075 చొప్పున మొత్తం 10,98,000 రూపాయలు కట్టవలసి వస్తుంది. అంటే వడ్డీయే మూడు లక్షలకు చేరువవుతుంది, ఆ ఏడేళ్లలో కారు విలువ మాత్రం తరిగిపోతూ ఉంటుంది. ఇంటి అప్పు విషయం ఇంతకంటే కొంత మెరుగు, ఎందుకంటే ఇల్లు అద్దెను తప్పిస్తుంది, దాని విలువ నిలిచే అవకాశం ఉంది. అయినా వాయిదా రాబడిలో సగానికి మించినప్పుడు ఆ ఇల్లు కూడా నీడకు బదులు బరువే అవుతుంది.

లెక్కల్లో ఉన్న డబ్బు చేతిలో లేకపోతే ఏమవుతుందో పెద్ద సంస్థల చరిత్ర కూడా చెబుతుంది. హైదరాబాద్ పేరును ప్రపంచానికి చాటిన సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న ఆ సంస్థ అధినేతే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి నిలబెట్టిన ఆ ప్రతిష్ఠ ఒక్క రోజులో కూలిపోయింది, దాన్ని నమ్మి వాటాలు కొన్నవారు తీవ్రంగా నష్టపోయారు.

జీతం ఆగే దారులు

పారిశ్రామిక ప్రాంతంలో భద్రత గురించి మాట్లాడడమంటే జీతం ఎన్ని విధాల ఆగిపోగలదో ముందుగా ఆలోచించడమే. భెల్ వంటి ప్రభుత్వరంగ సంస్థల్లో పర్మనెంటు ఉద్యోగం, క్వార్టరు, వైద్యం, గ్రాట్యుటీ కలిసి ఒక తరానికి నిలకడనిచ్చాయి. నేడు చిన్న, మధ్యతరహా కర్మాగారాల్లో పనిచేసేవారిలో పెద్ద భాగం కాంట్రాక్టరు కింద ఉన్నవారే, ఆర్డర్లు తగ్గితే మొదట ఓటీ, అంటే ఓవర్‌టైం పని, ఆ తరువాత అసలు పనీ పోయేది వారికే. ఓటీ డబ్బును శాశ్వత రాబడిగా లెక్కవేసుకుని వాయిదా కుదుర్చుకున్న కుటుంబం, ఆ ఓటీ ఆగిన నెలలోనే అప్పుల ఊబిలో దిగుతుంది.

ప్రమాదం మరొక దారి. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు, మృతుల్లో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కార్మికులు. అంతటి దుఃఖానికి డబ్బు బదులు కాలేదు. అయినప్పటికీ సంపాదించే మనిషి పోయిన మర్నాడు ఆ ఇంటి పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు ఎలా సాగుతాయన్న ప్రశ్నకు సమాధానం ముందే సిద్ధమై ఉండాలి. ఆ సమాధానమే ఆర్థిక భద్రత.

ఇందుకు కావలసిన మొదటి ఏర్పాటు అత్యవసర నిధి, అంటే మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చుకూ వాయిదాలకూ సరిపడే డబ్బును వెంటనే తీసుకోగలిగేలా బ్యాంకులో ఉంచుకోవడం. ప్లాటు, బంగారం ఆస్తులే అయినా, ప్లాటుకు కొనేవారు దొరకడానికి నెలలు పడుతుంది, బంగారాన్ని గిర్వి పెడితే వడ్డీ మొదలవుతుంది. అవసరానికి ఎంత త్వరగా, ఎంత తక్కువ నష్టంతో డబ్బుగా మారుతుందనే గుణాన్ని ఆర్థికశాస్త్రం ద్రవ్యత్వం అంటుంది. కంటికి ఆనే ఆస్తుల్లో ఈ గుణం చాలా వరకు తక్కువగానే ఉంటుంది.

చట్టం కల్పించిన కనిపించని సంపద

కార్మిక కుటుంబానికి ఉన్న అతి విలువైన ఆస్తి తరచూ జీతం చీటీలో కోతగా కనిపిస్తుంది. 1952 చట్టంతో వచ్చిన ఉద్యోగుల భవిష్య నిధికి ఉద్యోగి మూల వేతనంలో, కరవు భత్యంతో కలిపి, 12 శాతం, యాజమాన్యం మరో 12 శాతం జమచేస్తారు. 2014 నుంచి అమల్లో ఉన్న 15,000 రూపాయల వేతన పరిమితి ప్రకారం యాజమాన్యం వాటాలోంచి 1,250 రూపాయలు పింఛను పథకానికి వెళ్లగా, ఉద్యోగి ఖాతాలో నెలకు 2,350 రూపాయలు చేరతాయి. 2024-25 సంవత్సరానికి ప్రకటించిన 8.25 శాతం వడ్డీయే కొనసాగిందనుకుంటే, ఇరవై ఐదేళ్లలో జమ అయిన 7,05,000 రూపాయలు 22 లక్షలకు చేరతాయి. వడ్డీ మీద వడ్డీ పెరగడమే దీనికి కారణం, అందుకు కావలసింది డబ్బును కదపకుండా ఉంచే ఓర్పు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ ఆ నిల్వను తీసి ఫోనుకో, బైకుకో ఖర్చుచేస్తే, నష్టపోయేది తీసిన మొత్తం మాత్రమే కాదు, అది రాబోయే ఇరవై ఏళ్లలో తెచ్చే రాబడి అంతా. పింఛను రావడానికి కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలన్న నిబంధన కూడా ఈ తొందరలో మరుగున పడుతుంది.

కార్మిక రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, మరొక రక్షణ. ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యాజమాన్యం 3.25 శాతం చెల్లిస్తే కుటుంబానికంతటికీ వైద్యం అందుతుంది. జబ్బు చేసి పనికి పోలేని రోజుల్లో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం, పనిలో ప్రమాదంతో కార్మికుడు మరణిస్తే ఆధారపడినవారికి వేతనంలో 90 శాతం నెలనెలా లభిస్తాయి. అయితే 2017 నుంచి ఈ పథకానికి వేతన పరిమితి 21,000 రూపాయలు. జీతం 22,000కు పెరిగిన కార్మికుడు కొంతకాలానికి ఈ రక్షణ పరిధి దాటిపోతాడు. పెరిగిన జీతాన్ని కొత్త వాయిదాకు మళ్లించి ఆరోగ్య బీమా తీసుకోని కుటుంబం మునుపటికంటే మెరుగ్గా కనిపిస్తుంది గాని, నిజానికి మునుపటికంటే బలహీనమవుతుంది. ఏడాదికి 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే కేంద్ర పథకాలు బ్యాంకుల్లో ఉన్నాయి. ఇంత తక్కువ ఖర్చుతో వచ్చే రక్షణను వదులుకోవడానికి ఏ ఇంటికీ కారణం ఉండదు.

భూమి డబ్బైనప్పుడు

ఈ ప్రాంతంలో కుటుంబాల స్థితిని జీతం కంటే వేగంగా మార్చింది భూమి. బాహ్య వలయ రహదారి, కందిలో ఐఐటీ, కొత్త పారిశ్రామిక వాడలు వచ్చిన తరువాత ధరలు పెరిగాయి. జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాలతో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలిని తలపెట్టారు. అమ్మకం ద్వారా గాని, భూసేకరణ పరిహారం ద్వారా గాని రైతు ఇంటికి ఒక్కసారిగా పెద్ద మొత్తం వచ్చినప్పుడు అది ఆదాయంలా కనబడుతుంది. నిజానికి అది తరతరాల ఆదాయ వనరు రూపం మార్చుకోవడం మాత్రమే. 50 లక్షలను 6.5 శాతం డిపాజిట్‌లో ఉంచితే నెలకు దాదాపు 27,000 వస్తుంది, అదే డబ్బు కారుకూ, మేడకూ, పెళ్లికీ పోతే పొలమూ ఉండదు, పొలం ఇచ్చే గింజా ఉండదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో డబ్బు కొనుగోలు శక్తి సగానికి పడిపోతుంది కాబట్టి, వడ్డీలో కొంత భాగాన్ని తిరిగి అసలులో కలపడం, మరికొంత సొమ్ముతో వేరేచోట సాగుభూమి కొనడం వివేకవంతమైన మార్గాలు.

అమ్మకుండా మిగిలిన భూమి కూడా తనంతట తాను భద్రత కాదని ఈ ప్రాంతంలోని నక్కవాగు పరీవాహక గ్రామాలు తెలుసుకున్నాయి. పరిశ్రమల వ్యర్థ జలాలతో వాగు, బావులు, చెరువులు కలుషితమై పంటలు దెబ్బతిన్నాయి, 1990లో ఈ వివాదం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది, రైతులకు పరిహారం చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది. పట్టా పుస్తకంలో ఎకరాలు తగ్గకపోయినా, నీరు చెడిన పొలం విలువ రైతుకు తగ్గింది. శుభ్రమైన నీరు, ఆరోగ్యం ఏ ఆస్తి జాబితాలోనూ చేరవు గాని, అవి పోయినప్పుడు మిగతా ఆస్తులన్నీ ఆసుపత్రి బిల్లులుగా కరుగుతాయి.

మెప్పు కోసం చేసే అప్పు

ఇంత తెలిసినా కుటుంబాలు కనిపించే సంపద వైపే ఎందుకు మొగ్గుతాయన్నది సానుభూతితో అర్థం చేసుకోవలసిన విషయం. వేర్వేరు ఊళ్ల నుంచి, రాష్ట్రాల నుంచి వచ్చి చేరిన కాలనీల్లో మనిషి పరువుకు వస్తువే పరిచయ పత్రమవుతుంది. పిల్లకు సంబంధం వెతికేవారు ఇంటినీ బండినీ చూస్తారు గాని భవిష్య నిధి నిల్వను అడగరు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు హెచ్చరించిన స్థితి దురాశ వల్ల కంటే ఈ ఒత్తిడి వల్లనే ఎక్కువగా పుడుతుంది. పెళ్లికి మూడు రూపాయల మిత్తికి, అంటే నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి, లక్ష తెస్తే ఏడాదికి 36,000 వడ్డీ అవుతుంది. కారు అప్పుకు బ్యాంకు వేసే 9.5 శాతంతో పోలిస్తే ఇది నాలుగింతలకు దగ్గర.

అందువల్ల భద్రత బాధ్యతను కార్మికుడి పొదుపు మీద మాత్రమే మోపడం న్యాయం కాదు. జీతంలో కోసిన భవిష్య నిధి వాటాను కాంట్రాక్టరు నిజంగా జమచేస్తున్నాడో లేదో ప్రధాన యాజమాన్యం చూసుకోవాలి, కార్మికుడు కూడా యూఏఎన్ అనే తన భవిష్య నిధి నంబరుతో పాసుపుస్తకాన్ని తరచూ సరిచూసుకోవాలి. కర్మాగారంలో ప్రమాద నివారణకు పెట్టే ఖర్చు, వాగులోకి వ్యర్థాలు పోకుండా చేసే శుద్ధి కూడా కార్మికుడి ఆస్తిని కాపాడేవే. ఇంట్లో మాత్రం జీతం పెరిగిన ప్రతిసారీ ముందు అత్యవసర నిధి, తరువాత బీమా, ఆ పైన ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడం, చివరగా వస్తువు అనే వరుస పాటించాలి. ఈ వరుసలో నడిచే కుటుంబం బంధువుల కళ్లకు సామాన్యంగా కనబడవచ్చు గాని, గేటు దగ్గర షిఫ్టు రద్దయిందన్న నోటీసు అంటించిన రోజున పిల్లల ఫీజు ఆగకుండా, పొలం అమ్మకుండా, అవమానకరమైన షరతులకు తలవంచకుండా మరో పని వెతుక్కునే స్వేచ్ఛ దానికే ఉంటుంది. ఆ స్వేచ్ఛకే సంపద అనే పేరు తగినది.